పరిశోధన పత్రికలలోని కపటవ్యాసములు

ప్రాచీనగ్రంథములను పరిష్కరించువారికిఁ బ్రక్షిప్తమను మాట క్రొత్తది కాదు. ఒక పద్యము కవికృతము కాదని తోఁచినప్పుడు మనము దానిని తీసి పాఱవేయము. కుండలీకరణములలో నుంచి, అది యే ప్రతులలోఁ గలదో, యే ప్రతులలో లేదో అధోజ్ఞాపికలోఁ జెప్పుదుము. ఆ పద్యమును నిజమని నమ్మి వేఱొకరు దానినుండి నిఘంటువునకుఁ బ్రయోగమునో చరిత్రకు ఆధారమునో తీసికొనియుండవచ్చును. పద్యమే మాయమైనచో ఆ ప్రయోగ మెక్కడినుండి వచ్చినదో పిమ్మటివారికిఁ దెలియదు. శాస్త్రపరిశోధన పత్రికలు తమలో అచ్చుపడిన కపటవ్యాసముల విషయమై అవలంబింపవలసిన పద్ధతియు నించుమించుగా నిట్టిదే. అయినను ఆ పద్ధతి కాగితముమీఁద నున్నంత చక్కఁగా ఆచరణమున నడవదు. అందులకు మన దేశమునందే జరిగిన యొక యుదాహరణము కలదు.

చండీగఢులోని పంజాబు విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రాచార్యుఁడుగా నుండిన విశ్వజిత్ గుప్త యిరువదియైదేండ్లలో 300లకు మించిన వ్యాసములను ఒంటిగాను, ఇతరులతోఁ గలసియుఁ బ్రకటించెను. హిమాలయములలోని యే ఱాతిపొర యే యుగమునకుఁ జెందినదో అందు దొరకిన శిలాజములనుబట్టి నిర్ణయించుట వానిలోఁ బ్రధానవిషయము. ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయపు జాన్ టాలెంటు అను పండితుఁడు ఆ వ్యాసములను ఒక్కచోటఁ జేర్చి పరిశీలించెను. విడివిడిగాఁ జదివినప్పుడు నమ్మఁదగినట్లున్నవి ప్రక్కప్రక్కన నుంచి చదువఁగా ఒకదానితో నొకటి పొసఁగలేదు. హిమాలయములలో దొరకినవని చెప్పిన కోనోడాంటులు, అనఁగా దంతములవంటి సూక్ష్మశిలాజములు, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున అమ్స్‌డెల్ క్రీక్ అను వాఁగుచెంత దొరకువానితో జాతియందేకాక, నిలిచియున్న రీతియందును సరిపోయెను. చుట్టలు చుట్టిన గవ్వలవంటి మఱికొన్ని శిలాజములు మొరాకో దేశమున విరివిగా దొరకి ఐరోపాలోని అంగళ్లలో అమ్ముడుపోవు వానివలె నుండెను. దొరకిన తావులఁ జెప్పునప్పుడు మఱియొకరు పోయి వెదకి చూచుకొనుటకుఁ జాలినంత వివరము పెక్కుచోట్ల లేదు. ఒక వ్రాతప్రతిని చూచి లిపినిబట్టి, ఆకుఁబట్టి, యిది చెప్పిన ప్రాంతపుఁ బ్రతి కాదని పట్టుకొను విద్వాంసుని నేర్పునకును టాలెంటు నేర్పునకును భేదము లేదు.

టాలెంటు తన యాక్షేపములను ముందు విద్వాంసుల సభలోను, పిమ్మట నొక విపులవ్యాసమునను వెల్లడించి, 1989 ఏప్రిల్ 20వ తేది నేచర్ పత్రికలోఁ బేరు పెట్టి ప్రకటించెను. సంచారము చేయు శిలాజములని దాని శీర్షికకు భావము. అదే సంవత్సరము సెప్టెంబరులో గుప్తయు, సహకర్తలలోఁ గొందఱును ఆ పత్రికయందే సమాధానము లిచ్చిరి. ఆక్షేపింపఁబడినవాని మాటకును అదే పత్రికలోఁ దావిచ్చుట సంపాదకుఁడు చేయవలసిన పనులలో నొకటి. మిగిలినది కష్టమైనది. సంపాదకునియొద్ద నుండునది అచ్చైన కాగితము మాత్రమే. శిలాజములు, కొలతలు వ్రాసికొన్న పుస్తకములు రచయిత పనిచేయు సంస్థయం దుండును. సాక్షిని రప్పించుటకుఁ బత్రిక న్యాయస్థానము కాదు.

కావున సందేహము గలిగినప్పుడు సంపాదకుఁడు రచయితను సంజాయిషీ యడుగును. అది చాలకున్న సంస్థకు వ్రాసి విచారింపుమనును. విచారణ సాగుచుండఁగా ఈ వ్యాసముపై సందేహము కలదని పాఠకులను హెచ్చరించు ప్రకటన వేయవచ్చును. వ్యాసము నమ్మరానిదని తేలినపిదప ఉపసంహరణమును బ్రకటించును. 1997లో బ్రిటనులోని వైద్యపత్రికల సంపాదకులు కొందఱు కూడి ప్రచురణనీతికై యొక సంఘమును స్థాపించుకొనిరి. ఈ క్రమమును నియమములుగా వ్రాసిపెట్టినది ఆ సంఘమే. ఇతరశాస్త్రముల పత్రికలును నేఁడు వానిని అనుసరించుచున్నవి.

గుప్తవిషయమున సంస్థ యేమి చేసినది? విశ్వవిద్యాలయము విచారణ జరిపించి దోషమును నిర్ధారించియు ఆయనను తొలగింపలేదు. 2002లో విరమించువఱకు ఆయన అక్కడనే యుండెను. ఇఁక పత్రికలు. ఆ వ్యాసములు అనేకదేశముల పత్రికలలో వెదచల్లఁబడియుండెను. వానిలోఁ బెక్కింటికి ఉపసంహరణమే లేదు. సహకర్తలలోఁ బలువురు శిలాజములు దొరకిన తావును చూచినవారు కారు. చేతికిచ్చిన ఱాతిని వర్ణించిరి. వర్ణన నిజమే, తావు మాత్రము కల్ల. పద్యము మంచిదే కాని యీ కావ్యములోనిది కాదన్నట్లు! అట్టి వ్యాసమును ఏమని ఉపసంహరింపవలెనో నిర్ణయించుట సులభము కాదని యొప్పుకొనవలసినదే. కాని యేదియుఁ జెప్పక యూరకుండుట దానికి సమాధానము కానేరదు.

సంస్థ తీర్పునకై వేచియుండుటలోని నష్టమును లాన్సెట్ అను వైద్యపత్రిక చరిత్ర చూపుచున్నది. 1998 ఫిబ్రవరిలో వేక్‌ఫీల్డు మొదలగు 13 మంది పేర వెలువడిన వ్యాసము, 12 మంది పిల్లల వృత్తాంతమునుబట్టి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేయు టీకాకును ఆటిజమునకును సంబంధ ముండవచ్చునని సూచించెను. తలిదండ్రులు భయపడి టీకాలు మానిపించిరి. 2004లో 10 మంది సహకర్తలు ఆ వ్యాఖ్యానమును మాత్రము ఉపసంహరించుకొనఁగా, వ్యాసము నిలిచియుండెను. వైద్యమండలి 2010 జనవరిలో వేక్‌ఫీల్డు ప్రవర్తన దోషయుక్తమని తేల్చిన తరువాత, ఫిబ్రవరి 2న పత్రిక వ్యాసమునంతను ఉపసంహరించెను. నడుమ 12 ఏండ్లు గడచెను. 2004లోనే వ్యాసముపై గట్టి హెచ్చరికను వేయుటకు మండలి తీర్పుతోఁ బనిలేదని నా తలంపు. అపరాధ మెవరిదని తేల్చుట వేఱు, వ్యాసము నమ్మఁదగునా యని చెప్పుట వేఱు. రెండవది సంపాదకుని పనియే.

ఉపసంహరణప్రకటనలోఁ గారణమును విప్పి చెప్పుట మిగుల ముఖ్యము. పొరపాటునఁ గొలత తప్పినవాఁడు తానే ముందుకు వచ్చి వ్యాసమును వెనుకకుఁ దీసికొన్నను, గ్రంథచౌర్యము చేసినవాఁడు పట్టుపడినను, కారణము చెప్పని ప్రకటన యిరువురను ఒక్క గాటఁ గట్టును. అప్పుడు సత్పురుషుఁడు తన పొరపాటును బయటపెట్టుటకు జంకును.

ఉపసంహరించిన వ్యాసమును తుడిచివేయరాదు. చదువుట కందుబాటులో నుంచి, శీర్షికయొద్దనే గుర్తు పెట్టవలెను. నేఁడు కంప్యూటరులోఁ జదువువారికి ఆ గుర్తు కనఁబడును. పుస్తకభాండాగారములలో దళసరి యట్టలు కట్టించిన పాత సంపుటముల మాట వేఱు. 1998 నాఁటి లాన్సెట్ సంపుటములో ఆ వ్యాసము ఫిబ్రవరిలో అచ్చైనట్లే యున్నది. దానిని ఉపసంహరించిన ప్రకటన పండ్రెండేండ్ల తరువాతి వేఱొక సంపుటములో నున్నది. ఎవరైన భాండాగారి కలము తీసికొని మొదటి పుట యంచున రెండవదాని సంఖ్య వ్రాసిననే తప్ప, ఒకదానినుండి మఱియొకదానికి త్రోవ లేదు.