బ్రహ్మంగారిమఠం: చూడవలసినవి, తెలుసుకోవలసినవి

"బ్రహ్మంగారు చెప్పినట్టే జరిగింది" అనే మాట మన కడప జిల్లాలో విననివాళ్లుండరు. వాన పడకపోయినా, పడి చేను మునిగినా, ధరలు పెరిగినా, కొడుకు తండ్రి మాట వినకపోయినా మనవాళ్ల నోట వచ్చేది ఆ మాటే. అయితే ఆ బ్రహ్మంగారు బతికిన ఊరిని నిదానంగా చూసినవాళ్లు మన విద్యార్థుల్లో ఎంతమంది? బస్సు దిగి, టెంకాయ కొట్టి, అన్నదానంలో భోంచేసి, మళ్లీ బస్సెక్కేవాళ్లే ఎక్కువ. ఆ ఊళ్లోనూ, చుట్టుపక్కలా చూడవలసినవేవో, వాటి వెనక ఉన్న చరిత్ర ఏమో ఈ వ్యాసంలో వివరిస్తాను.

కందిమల్లాయపల్లె

కడప నుంచి మైదుకూరు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు పోతే బ్రహ్మంగారిమఠం వస్తుంది. దీని పాతపేరు కందిమల్లాయపల్లె. 17వ శతాబ్దంలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఇక్కడికి రాకముందు ఇదొక మామూలు పల్లె. ఆయన విశ్వబ్రాహ్మణ కులంలో పెరిగినవాడు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారింట పశువుల కాపరిగా ఉండి, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని సంప్రదాయం. తర్వాత కందిమల్లాయపల్లె చేరి, వడ్రంగం చేసుకుంటూ, భార్య గోవిందమ్మతో సంసారం సాగించారు. అంటే ఈయన అడవుల్లో ముక్కు మూసుకున్న ముని కాదు, చేతిపని చేసుకుని బతికిన గృహస్థు. 1693లో వైశాఖ శుద్ధ దశమినాడు సజీవ సమాధి పొందారని భక్తుల నమ్మకం. ఏటా ఆ తిథికే ఆరాధన ఉత్సవాలు జరుగుతాయి. మహాశివరాత్రికి కూడా జనం బాగా వస్తారు.

ఊళ్లో మొదట చూడవలసింది సమాధి మందిరం. తర్వాత ఆయన నివసించిన ఇల్లు, అక్కడే ఆయన తవ్వారని చెప్పే బావి. పక్కనే ఉన్న పోలేరమ్మ గుడికీ ఒక కథ ఉంది. జాతర చందా అడగడానికి వచ్చిన పెద్దల ముందు స్వామి చుట్టకు నిప్పు తెమ్మంటే పోలేరమ్మే తెచ్చి ఇచ్చిందట! ఆయన మనుమరాలు ఈశ్వరమ్మగారి మఠం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఒక ఆడమనిషిని గురువుగా కొలిచే చోటు ఆ కాలం నుంచీ ఇక్కడ ఉందని గమనించాలి.

ముడుమాలలో సిద్దయ్య మఠం చూడకుండా వెనక్కి రాకూడదు. సిద్దయ్య దూదేకుల ఇంట పుట్టిన ముస్లిం పిల్లవాడు. బ్రహ్మంగారి శిష్యుల్లో అందరికన్నా ముందు చెప్పుకునే పేరు ఆయనదే. మాదిగ కులస్తుడైన కక్కయ్య పేరు కూడా ఆ శిష్యుల్లోనే వినిపిస్తుంది. కులమతాలు చూసి నీళ్లు పోసే కాలంలో, ఒక వడ్రంగి చుట్టూ ఇటువంటివాళ్లు కూడుకున్నారంటే అదే పెద్ద విశేషం. మహిమలను నమ్మినా నమ్మకపోయినా, దీన్ని మాత్రం ఎవరూ కాదనలేరు.

కాలజ్ఞానం సంగతి

సైన్సు విద్యార్థిగా ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఎద్దులు లేని బండ్లంటే మోటారు బండ్లని, నీళ్లతో వెలిగే దీపమంటే కరెంటని పెద్దలు అర్థం చెబుతారు. కాలజ్ఞానం చాలాకాలం నోటి మాటగా, తత్వాలుగా నడిచింది. అచ్చయిన పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవవు. ఎవరికి తోచింది వారు చేర్చుకునే వీలుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు, ఆ జబ్బు గురించి బ్రహ్మంగారు ముందే చెప్పారని ఒక పద్యం ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఇది మన ఒక్కరి జాడ్యం కాదు. ఫ్రాన్సులో నోస్ట్రడామస్ భవిష్యవాణి మొదట 1555లో అచ్చయింది. 2001లో న్యూయార్కు జంట భవనాలు కూలినప్పుడు ఆయన పేరుతో కూడా దొంగ పద్యాలు పుట్టాయి.

కాబట్టి ఏ జోస్యం విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట ఏ ప్రతిలో ఉంది? ఆ ప్రతి సంఘటనకు ముందుదా, తర్వాతదా? ఆ మాట ఈ ఒక్క సంఘటనకే సరిపోతుందా, ఏ కాలానికైనా అతుకుతుందా? ఇలా అడిగితే స్వామిని తక్కువ చేసినట్టు కాదు. ఆయన పేరుతో చలామణీ అయ్యే నకిలీ సరుకును వేరు చేసినట్టు.

నీళ్ల సంగతి

మఠం దగ్గరే బ్రహ్మంసాగర్ జలాశయం ఉంది. స్వామి పేరే పెట్టారు. తెలుగుగంగ పథకంలో భాగం ఇది. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా కృష్ణా నీళ్లు ఇక్కడికి చేరతాయి. 17 టీఎంసీలకు పైగా పట్టే చెరువు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సాయంత్రం పూట కట్ట మీద నిలబడి కొండల కింద ఆ నీళ్లను చూస్తే, ఇది కరువుసీమేనా అనిపిస్తుంది.

కానీ ఈ కట్టకూ ఒక కథ ఉంది. కట్టలోంచి నీళ్లు ఊరిపోతుండడంతో చాలా ఏండ్లు దీన్ని నిండా నింపలేకపోయారు. తర్వాత కట్టలో డయాఫ్రం గోడ కట్టారు. కట్ట పొడవునా సన్నని లోతైన కందకం తవ్వి, సిమెంటులో బెంటొనైట్ బంకమన్ను కలిపిన కాంక్రీటుతో నింపుతారు. మట్టి కదిలినా ఆ గోడ పగలదు, నీళ్లను దాటనీయదు. మాది సేద్యం మీద బతికే ఇల్లు. కాలువ కింద చేను ఉన్నవాళ్లకు వానకారు మొదలైతే సాగర్‌లో నీళ్లెన్ని అనేదే మొదటి మాట. అది చూసుకునే మా నాయన వరి పెట్టాల్నా, మెట్ట పైరు వేయాల్నా అని తేల్చుకుంటాడు. ఈ నీళ్ల కోసం పొలాలు మునగ్గొట్టుకున్నవాళ్లనూ మనం మరిచిపోరాదు.

ఇక్కడి నుంచి ఉత్తరంగా పోతే పోరుమామిళ్ల. అక్కడి చెరువు పాతపేరు అనంతరాజసాగరం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దీన్ని కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఇప్పటికీ ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని అని లెక్క రాశారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఏవో చెప్పారు. నేల గట్టిగా ఉండాలి, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి అన్నారు. దోషాల్లో మొదటిది ఏమిటో తెలుసా? కట్టలోంచి నీరు ఊరడం! ఆరు వందల ఏండ్లకు పైబడి రాతి మీద ఉన్న ఆ మాటే బ్రహ్మంసాగర్ కట్టకూ వర్తించింది. ఇది మహిమ కాదు, అనుభవంలోంచి వచ్చిన జ్ఞానం. తేదీ ఉంది, రాయి ఉంది, ఎవరైనా పోయి సరిచూసుకోవచ్చు.

మిత్రులారా, ఈసారి మఠానికి పోతే ఒక రోజు పెట్టుకుని పోండి. ఉదయం సమాధి, ఇల్లు, బావి చూసి, ముడుమాలలో సిద్దయ్య మఠానికి పోండి. మధ్యాహ్నం పోరుమామిళ్ల శాసనం చూసి, పొద్దు వాలేలోగా బ్రహ్మంసాగర్ కట్ట మీదికి రండి. రేపు ఏం జరుగుతుందో అక్కడ ఎవరూ మీకు చెప్పకపోవచ్చు. మనిషిని మనిషిగా చూడడం, నీటి చుక్కను నిలబెట్టుకోవడం మాత్రం మన ముందువాళ్లు ఎలా నేర్చుకున్నారో తెలుస్తుంది. రేపటి రోజుల్లో మనకు పనికొచ్చేవి ఆ రెండే.