దెబ్బ ముందుకే పోవాలి

గోడలకు రంధ్రాలు వేసే హ్యామర్ మిషన్‌ను విప్పి చూస్తే ఒక సంగతి వింతగా తోస్తుంది. మోటారుకూ, దెబ్బ కొట్టే ఉక్కు దిమ్మెకూ మధ్య ఇనుప లంకె ఏదీ ఉండదు. మోటారు గేర్లను తిప్పుతుంది, గేర్లు పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తాయి. అదే గొట్టంలో పిస్టన్‌కు కాస్త ఎడంగా ఆ దిమ్మె విడిగా ఉంటుంది. రెంటి నడుమా ఉన్నది ఉత్త గాలి. పిస్టన్ ముందుకొస్తే ఆ గాలి నలిగి దిమ్మెను విసురుతుంది, వెనక్కి పోతే దాన్ని లాక్కొస్తుంది. రెండు మూడు కిలోల మిషన్‌లో ఇది నిమిషానికి 4,000 సార్లకు పైగా జరుగుతుంది.

ఈ గాలి పొరే మిషన్‌కు ప్రాణం. కాంక్రీటుకు తగిలిన దెబ్బంతా అందులో ఇంకిపోదు. కొంత తిరగబడి వెనక్కి వస్తుంది. ఆ తిరుగుదెబ్బ నేరుగా గేర్ల పళ్ల మీద పడితే అవి ఎక్కువ కాలం నిలవవు. గాలి దాన్ని మెత్తగా పట్టుకుని, అందులో కొంత బలాన్ని మరుసటి దెబ్బకు కలుపుతుంది కూడా. ఇళ్లలో ఉండే చవక ఇంపాక్ట్ డ్రిల్‌లో ఈ ఏర్పాటు లేదు. అందులో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతుంటాయి. మనం ఎంత అదిమితే అంత దెబ్బ. ఇటుక గోడకు అది చాలు. శ్లాబుకు రంధ్రం వేయాలంటే మాత్రం ఒంటి బరువంతా మోపాలి. చక్రాల పళ్లు అరుగుతాయి, భుజాలు లాగేస్తాయి, రంధ్రం మాత్రం అంగుళం దిగదు.

విద్యుత్తుతో నడిచే చేతి డ్రిల్‌ను 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ తయారుచేసింది. అదే నగరంలో 1932లో బాష్ కంపెనీ విద్యుత్ హ్యామర్‌ను తెచ్చింది. బాష్‌దే ఇంకో మంచి ఆలోచన 1975లో వచ్చిన, బిట్టును పట్టే ఎస్‌డీఎస్ చక్. బిట్టును మరలాగా తిప్పి బిగించే పని లేదు. గాడుల్లో కాస్త ముందుకూ వెనక్కూ జారేలా పట్టి ఉంచుతుంది. దెబ్బ బిట్టుకే తగులుతుంది, చక్‌ను కుదపదు.

బిట్టును గోడకు ఆనించకుండా ట్రిగ్గర్ నొక్కి చూడండి. మిషన్ తిరుగుతుంది గానీ కొట్టదు. ఆనిక లేనప్పుడు దిమ్మె ముందుకు జారిపోతుంది. గొట్టానికి ఉన్న చిన్న బెజ్జాలు తెరుచుకుని గాలిని వదిలేస్తాయి. లేకపోతే ఎదురులేని ఆ దెబ్బంతా మిషన్ ముందుభాగమే మింగాలి. దిమ్మె చుట్టూ ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. ఉంగరం కన్నా కాస్త పెద్దది, అంతే. గాలిని పట్టి ఉంచేది అదే. వేడికి గట్టిపడి అరిగితే గాలి జారిపోతుంది. "మోటారు బాగానే తిరుగుతోందన్నా, దెబ్బే లేదు" అంటూ మిషన్ షాపుకొస్తే మెకానిక్ ముందుగా అనుమానించే వాటిలో ఇదొకటి.

గాలి పొర వల్ల గేర్లకు దొరికిన రక్షణ చేతికి దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. నన్ను బాధపెట్టేది ఇదే. దిమ్మెను ముందుకు విసిరిన ప్రతిసారీ మిషన్ ఒళ్లు వెనక్కి తన్నుతుంది, ఆ అదురు పిడిలోంచి వేళ్లలోకి ఎక్కుతుంది. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి గనులకు వెళ్లి, గాలి సుత్తులతో రాయి చెక్కేవాళ్ల చేతులు పరీక్షించారు. చలికి వాళ్ల వేళ్లు పాలిపోయి మొద్దుబారుతున్నాయి. ఉలి పట్టుకునే ఎడమ చేతికే బాధ ఎక్కువ. 1978లో పరిశోధకులు మళ్లీ అదే బెడ్‌ఫర్డ్‌కు వెళ్లారు. అరవై ఏళ్ల తర్వాతా రాతిపనివాళ్ల వేళ్లలో అదే జబ్బు కనిపించింది.

మార్పు ముందుగా అడవుల్లో వచ్చింది. చెట్లు కోసే చైన్ సా ఇంజన్ సెకనుకు వందసార్లకు పైగా అదురుతుంది. 1960ల నుంచి తయారీదారులు ఇంజన్‌నూ పిడులనూ వేరుచేసి, మధ్యలో రబ్బరు దిమ్మెలో స్ప్రింగులో పెట్టడం మొదలుపెట్టారు. ఫిన్లాండ్‌లోని సువొముస్సల్మి ప్రాంతంలో అటవీ కార్మికులను ఏళ్ల తరబడి పరీక్షించారు. 1972లో నూటికి 40 మందికి వేళ్లు పాలిపోయే జబ్బు ఉండగా 1990 నాటికి అది 5 మందికి తగ్గింది. ఆ కాలంలోనే రంపాల అదురు సెకనుకు సెకనుకు 14 మీటర్ల నుంచి 2 మీటర్లకు దిగింది. మందు లేని జబ్బును మరమ్మతుతో తగ్గించిన ఇలాంటి విజయాలు అరుదు.

మెత్తటి పిడి వేస్తే చాలు కదా అనిపిస్తుంది. కానీ మరీ మెత్తనైతే రంపం చెప్పిన మాట వినదు, కోత పక్కకు పోతుంది. గట్టిదైతే అదురు దాటి వస్తుంది. ఈ బేరం పాతదే. మన దగ్గర రాళ్లు కొట్టేవాళ్లు సమ్మెటకు సన్నని, వంగే పిడి వేసుకోవడంలో ఉన్న తెలివీ ఇదే. హ్యామర్ మిషన్‌కు ఇంకో ఉపాయం కలిసొచ్చింది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ 1909లో అదురును ఆపే పరికరానికి పేటెంట్ కోరారు. అదిరే వస్తువుకు స్ప్రింగు మీద ఒక బరువును తగిలించి, అదే వేగంతో ఊగేలా సరిచేస్తే, ఆ బరువు ఎదురు దిశలో ఊగి అదురును తనమీదికి తీసుకుంటుంది. హ్యామర్ దెబ్బల వేగం దాదాపు మారదు కనుక ఇది దానికి చక్కగా కుదిరింది. ఈనాటి మంచి హ్యామర్లలో స్ప్రింగు పిడీ, ఈ ఊగే బరువూ రెండూ కనిపిస్తాయి.

దీనివల్ల లాభం చేతికే కాదు. అదురుకు మోటారులోని కార్బన్ బ్రష్ కమ్యుటేటర్ మీంచి ఎగిరెగిరి పడితే నిప్పురవ్వలు లేచి రాగి కాలుతుంది. బ్యాటరీ మిషన్లలో బ్యాటరీని మిషన్‌తో కలిపే లోహపు పలకలు వెంట్రుకవాసి కదులుతూ ఒకదాన్నొకటి రాసుకుని, తుప్పు పొడి రాల్చి, కరెంటును అడ్డుకుంటాయి. అందుకే ఇప్పుడు కొన్ని మిషన్లలో పిడినీ బ్యాటరీనీ కలిపి, కొట్టే భాగం నుంచి విడదీస్తున్నారు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో జాక్‌హ్యామర్ పట్టే మనిషికైనా, హైదరాబాద్‌లో పైపుల కోసం శ్లాబు కొట్టే ప్లంబరుకైనా లెక్క ఒకటే. అదురు రెట్టింపైతే పట్టుకోగల సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. యూరప్ 2002లో పెట్టిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనికి అదురు సగటున, పైన చెప్పిన కొలతలోనే, 5 మీటర్లు దాటకూడదు, 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి. అంటే 10 మీటర్లు అదిరే మిషన్‌ను రోజుకు రెండు గంటలకు మించి పట్టకూడదు, 20 అదిరేదాన్ని అరగంటకు మించి పట్టకూడదు. మెత్తటి చేతి తొడుగుల మీద భరోసా పెట్టుకోవద్దు, హ్యామర్ల నెమ్మది అదురును అవి పెద్దగా ఆపలేవు. మొద్దుబారిన బిట్టు మార్చడం అంతకన్నా మేలు. యూరప్‌లో అమ్మే మిషన్ల మాన్యువల్‌లో ఈ అదురు అంకె రాయడం తప్పనిసరి, ఆ కంపెనీల మిషన్లు మన దగ్గరికి వచ్చినప్పుడూ తరచుగా ఉంటుంది. వాట్లూ, ధరా చూసేవాళ్లు ఆ పేజీ కూడా తిప్పి చూడాలి, కూలికి మనుషుల్ని పెట్టుకునే కాంట్రాక్టరైతే మరీనూ.