ఖాళీ కుర్చీల విందు

హాస్యము రెండు విధములు. ఎదుటివానిని నొప్పించి నవ్వించునది యొకటి. ఎవ్వరిని నొప్పింపక నవ్వించునది రెండవది. మొదటిది మరునాటికి మాసిపోవును. రెండవది చిరకాలము నిలుచును. ఇందుకు టెలివిజన్ కొరకు నిర్మింపబడిన యొక చిన్న చిత్రము చక్కని ఉదాహరణము. దాని పేరు ‘డిన్నర్ ఫర్ వన్’. ‘ఒక్కరికే విందు’ అని దాని యర్థము.

లారీ వైలీ రచించిన యీ ప్రహసనమును ఫ్రెడ్డీ ఫ్రింటన్ అను హాస్యనటుడు పెక్కేండ్లు ఇంగ్లండు రంగస్థలములపై ప్రదర్శించెను. 1962లో పీటర్ ఫ్రాంకెన్‌ఫెల్డ్ అను జర్మను వినోదకారుడు బ్లాక్‌పూల్ పట్టణమున దానిని చూచి ముగ్ధుడయ్యెను. తత్ఫలితముగా 1963లో జర్మనీలోని హాంబర్గు నగరమున, ప్రేక్షకుల సమక్షమున, ఉత్తర జర్మను ప్రసారసంస్థ వారు దానిని చిత్రించిరి. నిడివి సుమారు 18 నిమిషములు, పాత్రలు రెండే, భాష ఆంగ్లము.

కథ మిక్కిలి చిన్నది. మిస్ సోఫీ అను వృద్ధురాలికి అది తొంబదియవ జన్మదినము. ఆ పాత్రను మే వార్డెన్ ధరించెను. బల్ల చుట్టును నలుగురు మిత్రులకు కుర్చీలు వేయబడినవి. కాని ఆ నలుగురును ఏనాడో గతించిరి. ఆమె మాత్రము వారున్నట్లే పలుకరించును. జేమ్సు అను ముసలి పరిచారకునకు ఆమె మాట కాదనుట ఇష్టములేదు. వంటకములు నాలుగు, వానితోబాటు మద్యములును నాలుగు. మొదటి వంటకము ‘ములిగటానీ’ అను సూపు. మిరియాల నీరు అను అర్థముగల తమిళపదమే ఆంగ్లమున అట్లు మారినది. అది మన మిరియాల చారునకు దగ్గరి చుట్టము! ప్రతి వంటకముతోను జేమ్సు నలుగురి గ్లాసులు నింపి, నలుగురి బదులు తానే మాటలాడి, నలుగురి మద్యమును తానే త్రాగవలెను. క్రమముగా అతని అడుగు తడబడును, నాలుక మొద్దుబారును. నేలపై పరచిన పులిచర్మపు తల కాలికి తగిలి మాటిమాటికి తూలును.

బాలబాలికలారా! ఇక్కడ నవ్వు పుట్టు విధమును గమనింపుడు. మొదటిమారు తూలుట ప్రమాదము. మూడవమారు వచ్చుసరికి మనమే ముందుగా ఎదురుచూతుము. అంతలో ఒకమారు అతడు తూలక దాటిపోయి, తానే ఆశ్చర్యపడును! ఎదురుచూచినది జరిగినను నవ్వే, జరుగకున్నను నవ్వే.

త్రాగి తూలువానిని చూచి నవ్వుట తగునా యని మీరడుగవచ్చును. మద్యపానము మెచ్చదగినది కాదు. కాని జేమ్సు త్రాగునది తన సుఖమునకు గాదు; ఒంటరియైన యొక వృద్ధురాలి పండుగ చెడకుండుటకు. మన నవ్వునకు అడుగున జాలి యున్నది. అందువలననే అది చేదుగా నుండదు.

మరియొక విశేషము. 1943లో బ్రిటిషు విమానముల బాంబులవలన వేలకొలది ప్రజలు మరణించిన నగరము హాంబర్గు. ఇరువది యేండ్లకు అదే నగరమున ఒక ఆంగ్ల నటుడు ఆంగ్లముననే పలుకుచు జర్మనులను కడుపుబ్బ నవ్వించెను. 1972 నుండి ఏటేట డిసెంబరు 31వ తేదీన జర్మనీలో ఈ చిత్రము ప్రసారమగుచున్నది. ఇంగ్లండు టెలివిజనున ఇది 2018లో గాని రాలేదు. 1968లో మరణించిన ఫ్రింటన్ ఈ వైభవమును చూడలేదు.

పగ సరిహద్దులను గీయును. స్వచ్ఛమైన నవ్వు వానిని చెరపును. మీ యింటనో, పొరుగింటనో గతించినవారిని తలచుకొనుచు కూర్చుండు వృద్ధులుండవచ్చును. వారి మాటలను ఎగతాళి చేయకుడు. కొంతసేపు ఆ ఖాళీ కుర్చీలో మీరు కూర్చుండుడు.