రాజభవనమున చాఱల కంబములు

గృహమునఁ దగిలించిన పటము నచ్చనిచో దానిని దీసివేయవచ్చును. నగరమధ్యమున నిలిపిన శిల్పము నట్లు చేయ వలనుపడదు. ఇష్టము లేనివాఁడును దానిని బ్రతిదినము చూడవలసినదే. కావుననే యట్టి శిల్పములఁ గూర్చి తఱచుగా వివాదములు పుట్టుచుండును. పారిసు నగరమున జరిగిన యొక వివాద మిందులకుఁ దార్కాణము.

ఆ నగరపు నడిబొడ్డున, లూవ్రు ప్రాసాదమునకు సమీపమున, పలే రోయాల్ అను ప్రాచీనభవనము కలదు. 17వ శతాబ్దమున కార్డినల్ రిషల్యూ దానిని గట్టించెను. కాలక్రమమున దాని ప్రాంగణము మోటారుకార్లు నిలుపు తావుగా మాఱెను. దానిని బాగుచేయుటకై 1985లో సాంస్కృతికమంత్రియగు జాక్ లాంగ్ పూనుకొని, దానియేల్ బ్యురెన్ అను శిల్పికిఁ బని యొప్పగించెను.

బ్యురెన్ వీరప్రతిమనుగాని దేవతామూర్తినిగాని నిలుపలేదు. తెలుపు నలుపు చాఱలుగల 260 కంబములను బారులు దీర్చెను. అన్నియు నెనిమిది పలకలవి. లావున సమానములు, ఎత్తున భిన్నములు. భవనపుఁ బ్రాఁతస్తంభముల వరుసల ననుసరించియే వీనికిఁ జోటు లేర్పఱచెను. నేలక్రింద నీరు పాఱునట్లు గావించి, కొన్నిఁటి నా లోఁతునుండియే పైకి లేపెను.

చరిత్రప్రసిద్ధమైన ప్రాంగణము పాడయ్యెనని కొందఱు మొఱపెట్టిరి. పూర్వులవలెనే మన కాలమును దన గుర్తును విడువవలదా యని మఱికొంద ఱడిగిరి. తగవు న్యాయస్థానమున కెక్కెను. కొంతకాలము పని నిలిచెను. 1986లో మంత్రివర్గము మాఱఁగా, కట్టడమును గూల్తురేమో యను సంశయము పుట్టెను. కాని 1957 నాఁటి ఫ్రెంచి శాసనము కృతికర్తకుఁ దన కృతిపై నైతికాధికారము నొసఁగియుండెను. తుదకు పని యా యేఁటనే ముగిసెను.

ఇంతటి కలహమునకు నిలిచిన శిల్పము తరువాత నాదరణలేక చెడెను. నీరు నిలిచెను, దీపము లాఱెను. బాగుచేయనిచోఁ దొలఁగించుటయే మేలని 2007లో బ్యురెన్ స్వయముగాఁ బలికెను. అంతటఁ బ్రభుత్వము మేల్కొని మరమ్మతు గావింపఁగా, 2010 జనవరిలో నది ముగిసెను. నేఁడు పిల్లలా కంబములపై నెక్కి దుముకుచు నాడుకొనుచున్నారు.

విద్యార్థులారా! దూషించువాఁడు సైతము శిల్పమును జూచుచునే యున్నాఁడు. వాని మాటకు బదులు చెప్పవచ్చును. ఉపేక్షించువానితో వాదమే లేదు. పదిమంది సొత్తైన దానిని మెచ్చుటయో మానుటయో మన యిచ్చ. కాపాడుట మాత్రము మన విధి.