ఒక్క దినములో మహానగర దర్శనము

ఒక మహానగరమును ఒక్క దినములో చూడగలమా? ఆ నగరమున పుట్టి పెరిగినవారే దానిని పూర్తిగా చూచియుండరు. ఉదయము వచ్చి రాత్రికి పోవు బాటసారి మాట చెప్పనేల? అయినను దూరదేశపు నగరములు చాలవరకు మనకు ఒక్క దినము కొరకే లభించుచుండును. ఆ దినమును ఎట్లు వినియోగించుకొనవలెనో తెలిసికొనుట మంచి విద్య. నేనా విద్యను అరువది యేండ్లు దాటిన పిమ్మట, ఒక దినమును పోగొట్టుకొని నేర్చుకొంటిని. బాలబాలికలారా! మీరు నావలె పోగొట్టుకొనకుండుటకై ఆ వృత్తాంతమును వ్రాయుచున్నాను.

రెండేండ్ల క్రిందట నేనును, మా అక్కగారును ఆస్ట్రేలియాలో నివసించుచున్న మా మేనకోడలి యింటికి పోయితిమి. పోవునప్పుడును, వచ్చునప్పుడును థాయిలాండు దేశపు రాజధానియగు బ్యాంకాకులో విమానము మారవలసి యుండెను. రెండు పర్యాయములును ఉదయము ఆరున్నరకు దిగి, రాత్రి పదకొండున్నరకు మరల విమానమెక్కవలెను. ఆ విధముగా ఆ నగరమును చూచుటకు మాకు రెండు దినములు వేర్వేరుగా దొరకినవి.

అక్కగారికి అప్పటికి డెబ్బది నాలుగేండ్లు. మోకాళ్ళ నొప్పిచేత ఎక్కువ దూరము నడువలేదు. ఆమె పెద్ద చదువులు చదువలేదు గాని, మా యూరి రామాలయములో నలువది యేండ్లుగా రామాయణము చదివి పదిమందికి వినిపించుచున్నది. బ్యాంకాకు రాజప్రాసాదములోని దేవాలయపు గోడలపై రామకథ యంతయు చిత్రింపబడి యున్నదని మేనకోడలు ఫోనులో చెప్పగా విని, "తమ్ముడా, నాకు మరేమియు వలదు. ఆ గోడలు మాత్రము చూపుము" అని యడిగెను. నేను సరే యంటిని.

రామకథ ఆ దేశపు గోడలపైకి ఎట్లు వచ్చెనో కొంత తెలిసికొనుడు. థాయి ప్రజల పూర్వ రాజధాని పేరు అయుత్థయ. అది మన అయోధ్య పేరే. 1767లో బర్మా సైన్యములు ఆ నగరమును నాశనము చేసినవి. తరువాత తాక్సిన్ అను రాజు చావ్ ఫ్రయా నదికి పడమటి గట్టున థోన్‌బురిలో రాజధానిని నెలకొల్పెను. 1782లో చక్రీ వంశమునకు మూలపురుషుడైన రాజు సింహాసనమెక్కి, నదికి తూర్పు గట్టున క్రొత్త నగరమును నిర్మింపసాగెను. ఆయనను నేడు మొదటి రాముడని పిలుచుచున్నారు. ఆ నగరమును విదేశీయులు బ్యాంకాకు అందురు. ఆ దేశీయులు మాత్రము క్రుంగ్ థేప్ అందురు. అనగా దేవతల నగరమని యర్థము. 'థేప్' అనునది మన 'దేవ' శబ్దమే. నగరముయొక్క పూర్తి పేరు మిక్కిలి దీర్ఘమైనది. మహానగరము, అమరము, రత్నము, రాజధాని, విశ్వకర్మ మొదలైన మన మాటలు అందులో థాయి ఉచ్చారణతో వినవచ్చును. వారి రామాయణమునకు రామకియెన్ అని పేరు. రామకీర్తి యను మాటయే అట్లు మారినది.

ఇక నా మొదటి దినపు కథ. నా చేతిలో ఏడు ప్రదేశముల పేర్లు వ్రాసిన కాగితము కలదు. పేర్లున్నవి గనుక ప్రణాళిక యున్నదని నేను భ్రమపడితిని. మొదట కాలువలలో పడవలపై సాగు ఒక సంతను చూడబోయితిమి. అది నగరమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. పోయి వచ్చుటలోనే పూట గడచినది. అక్కడనుండి పురావస్తు ప్రదర్శనశాలకు పోగా తలుపులు మూసియుండెను. ఆ దినము సోమవారము. సోమ, మంగళవారములు దానికి సెలవుదినములని నేను ముందుగా తెలిసికొనలేదు. పోనిమ్మనుకొని రాజప్రాసాదపు ద్వారమునొద్దకు చేరితిమి. కావలివాడు తల యడ్డముగా ఆడించెను. నా గడియారము రెండుంబావు చూపుచుండెను. మూడున్నర వరకు టిక్కెట్లు ఇత్తురు గదా యని నేను వాదించితిని. అతడేమియు పలుకక తన చేతిగడియారమును నాకు చూపెను. అందులో మూడు గంటల నలుబదియైదు నిమిషములైనది!

అప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. నేను గడియారమును మార్చుకొనలేదు. మన దేశపు కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి నిర్ణయింపబడినది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముగా పోవును. థాయిలాండు కాలము 105 డిగ్రీల రేఖాంశమును అనుసరించును. రెండింటికి భేదము 22½ డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున లెక్కింపగా తొంబది నిమిషములగును. కనుక అచ్చటి గడియారము మన గడియారముకంటె గంటన్నర ముందుండును. ముప్పది యేండ్లు పిల్లలకు ఈ లెక్క నేర్పినవాడను, నా మణికట్టునకు దానిని నేర్పలేకపోయితిని. చేతిఫోను తనంతట తానే కాలమును మార్చుకొనును గాని, నేను దానిని ఆర్పి సంచిలో దాచితిని.

అక్కగారు ప్రహరీగోడ నీడలో కూర్చుండి, లోపలి బంగారు శిఖరములను కొంతసేపు చూచెను. "తిరిగి వచ్చునప్పుడు చూతములే" యనెను. ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. అందుచేతనే నాకు మరింత సిగ్గు కలిగెను. ఆమె మోకాళ్ళ స్థితినిబట్టి చూడగా, తిరుగు ప్రయాణములోని ఆ ఒక్క దినము తప్పిన మరియొక దినము రాదని నాకు తెలియును.

మేనకోడలి యింట నున్న రెండు మాసములలో నేను రెండవ దినమునకు ప్రణాళిక సిద్ధము చేసితిని. దాని పద్ధతిని మీకు వివరించెదను.

మొదటి పని: దినమును చివరనుండి వెనుకకు లెక్కింపవలెను. విమానము పదకొండున్నరకు. మూడు గంటలు ముందుగా, అనగా ఎనిమిదిన్నరకు విమానాశ్రయములో నుండవలెను. విమానాశ్రయము నగరమునకు తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. రైలు మారి చేరుటకు గంటన్నర కేటాయించితిని. అనుకోని యాటంకములకు మరియొక గంట. కావున సాయంకాలము ఆరు గంటలకు చూచుట ముగియవలెను. ఉదయమున విమానాశ్రయపు పనులు ముగించుకొని నగరము చేరుసరికి తొమ్మిదియగును. తొమ్మిది మొదలు ఆరు వరకు తొమ్మిది గంటలు. భోజనమునకు, విశ్రాంతికి గంటన్నర, నడకకు మరియొక గంటన్నర తీసివేసితిని. పదునేడు గంటలున్నవనుకొన్న దినము ఆరు గంటలుగా తేలెను. ఈ లెక్క వేయనివాడే ఏడు పేర్లు వ్రాసికొనును.

రెండవ పని: నగరమంతటిని గాక ఒక్క భాగమును ఎన్నుకొనవలెను. బ్యాంకాకులో రాజప్రాసాదమును, దానికి దక్షిణమున వట్ ఫో అను దేవాలయమును, నది కావలి గట్టున వట్ అరుణ్ అను దేవాలయమును దగ్గరదగ్గరగా నున్నవి. 'వట్' అనగా దేవాలయము. ఒకదానినుండి మరియొకదానికి పోవుటకు నగరపు బండ్ల రద్దీలో చిక్కుకొనవలసిన పనిలేదు. ఈ మూడింటిని ఉంచి, తక్కిన పేర్లను కొట్టివేసితిని. కొట్టివేయునప్పుడు మనసు కొంత బాధపడును. కాని కొట్టివేయని పేరు ప్రక్క పేరును కూడ మ్రింగివేయును.

మూడవ పని: వరుసను నిర్ణయించుకొనవలెను. ముందు మూయబడు ప్రదేశమును ముందు చూడవలెను. రాజప్రాసాదము ఉదయము ఎనిమిదిన్నరకు తెరవబడి, మూడున్నరకు టిక్కెట్లు నిలిపివేయబడును. దేవాలయములు సాయంకాలము వరకు తెరచియుండును. కావున ప్రాసాదము మొదటిది. ఎండ ముదురకముందే పెద్ద ఆవరణము చూచుట వృద్ధులకు మేలు.

నాలుగవ పని: నియమములను తెలిసికొనవలెను. రెండు విమానముల నడుమ నగరములోనికి పోవుటకు అనుమతి అవసరమా యని ముందే విచారించితిని. ప్రాసాదములోనికి పోవువారు భుజములును, మోకాళ్ళును కప్పు వస్త్రములు ధరింపవలెను. మందిరము లోపలికి పాదరక్షలతో పోరాదు. మేము పోవునది సెప్టెంబరు మాసము. అది అక్కడ వానకాలము. కావున రెండు గొడుగులు తీసికొంటిమి.

ఆ దినము రానే వచ్చినది. విమానము దిగగానే నేను చేసిన మొదటి పని గడియారమును మార్చుట. విమానాశ్రయము పేరు సువర్ణభూమి. అందులో దేవాసురులు క్షీరసాగరమును మథించుచున్న గొప్ప శిల్పము కలదు. అక్కగారు దానిని చూచి, "శకునము మంచిది" అనెను. రైలులో మక్కసాన్ వరకు పోయి, అక్కడ భూగర్భ రైలెక్కి, సనమ్ చాయ్ స్టేషనులో దిగితిమి. వెలుపల టుక్‌టుక్ అను మూడు చక్రముల బండి దొరకెను. అది మన ఆటోరిక్షా వంటిది. బండివాడు, "ఈ దినము ప్రాసాదము మూసియున్నది, మరియొక మంచి గుడిని చూపెదను" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పెను. మొదటి దినమైనచో నమ్మి వెంటబోయెడివాడను. ఆ ఉదయమే విచారించి యుంటిని గనుక, నవ్వి ద్వారమునొద్దకే పోనిమ్మంటిని. ప్రాసాదము తెరచియే యుండెను.

ప్రాసాదపు ఆవరణములోని దేవాలయములో పచ్చరాతితో మలచిన బుద్ధ విగ్రహము కలదు. ఎత్తు 66 సెంటీమీటర్లు మాత్రమే. కాని థాయి ప్రజలకు అంతకంటె పవిత్రమైనది లేదు. ఎండకాలము, వానకాలము, చలికాలములకు తగినట్లు దానికి మూడు విధములైన బంగారు వస్త్రములు మార్చుదురు. ద్వారములొద్ద నెత్తైన యక్ష విగ్రహములు కావలి నిలిచియున్నవి. వానిలో దశకంఠుడు ఆకుపచ్చ వన్నె గలవాడు. దేవాలయమును చుట్టివచ్చు మండపపు గోడలపైనే రామకథ యున్నది. మొత్తము 178 చిత్రములు. ఒక్కొక్కదాని ముందు ఒక్క నిమిషము నిలిచినను మూడు గంటలు పట్టును. మాకున్నది రెండు గంటలు. కావున ఇచ్చటను ఎన్నుకొనవలసి వచ్చినది. ఆ యెన్నిక అక్కగారికే విడిచితిని.

మొదటి చిత్రములో జనకుడు నాగటిచాలులో సీతను కనుగొనుచున్నాడు. అక్కడనుండి ఆమె మెల్లగా నడచుచు, నొప్పి కలిగినపుడు కూర్చుండుచు, కథను తనలో తాను చెప్పుకొనసాగెను. థాయి అక్షరములు మా కిద్దరికిని రావు. నేను చేతిలోని పుస్తకమును వెదకుకొనుచుంటిని. ఆమెకు పుస్తకముతో పనిలేకపోయెను. ఒకచోట హనుమంతుడు కొండవలె పెరిగి, ఒక మందిరమును నోట కరచుకొని యున్నాడు. లోపల రాముడు నిద్రించుచున్నాడు. నాకు అర్థము కాలేదు. ఆమె ముఖము వికసించెను.

"ఇది మైరావణుని కథ! రాముని దొంగిలించుకొనిపోవుటకు వాడు వచ్చును గదా. మన కథలో హనుమంతుడు వాలముతో కోట కట్టి రామలక్ష్మణులను లోపల నుంచెను. వీరి కథలో నోటిలోనే దాచుకొనెను" అనెను. ఆమె చెప్పినది నిజమే. ఆ రాక్షసుని థాయి ప్రజలు మైయరాప్ అందురని పుస్తకములో కనబడెను. ఆ చిత్రము నెదుట ఆమె ఇరువది నిమిషములు కూర్చుండెను. మిగిలిన చిత్రములెన్నియో చూడలేదు. చూడవలెనని తొందరపడనులేదు.

వట్ ఫోలో శయనించిన బుద్ధుని చూచితిమి. ఆ విగ్రహము పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. అరికాళ్ళపై 108 మంగళ చిహ్నములు ముత్యపుచిప్పలతో పొదుగబడియున్నవి. అక్కడ పెద్ద వాన కురిసి, అర్ధగంట కదలనీయలేదు. ఆటంకములకని యుంచిన గంటలో సగము అట్లు చెల్లెను. పిమ్మట రేవున పడవయెక్కి వట్ అరుణ్ చేరితిమి. అరుణుని పేరు గల ఆ గోపురమంతయు పింగాణి ముక్కలతో అలంకరింపబడినది. మెట్లు మిక్కిలి నిటారుగా నుండుటచే మేము పైకెక్కక నది గట్టున కూర్చుంటిమి. సరిగా ఆరు గంటలకు బయలుదేరి, ఎనిమిదికే విమానాశ్రయమునకు చేరితిమి.

బ్యాంకాకును చూచితిమని నేను చెప్పుకొనను. ఆ నగరములోని ఒక మూలను చూచితిమి. కాని దానిని చక్కగా చూచితిమి.

అక్కగారు ఇప్పుడు దూరప్రయాణములు చేయజాలదు. మా రామాలయములో సాయంకాలము కథ చెప్పుట మాత్రము మానలేదు. మైరావణుని ఘట్టము వచ్చినపుడు ఒక్క క్షణమాగి, "మరియొక దేశమున హనుమంతుని చూచితిని. అక్కడివారు ఈ కథను ఇట్లు చెప్పుకొందురు" అని పిల్లలకు ఆ చిత్రమును వర్ణించుచుండును.