మసకబాఱిన యాత్రాచిత్రములు

యాత్రకు పోయి వచ్చిన పిదప మనకు మిగులునవి రెండే: కాళ్లనొప్పులు, చిత్రములు. నొప్పులు నాలుగు దినములలో పోవును, చిత్రములు నిలువవలెను. కాని యింటికి వచ్చి తీరికగా చూచుకొనునప్పటికి వానిలో సగము మసకగా నుండుట మనలో ననేకుల కనుభవమే. అట్టివానిని వెంటనే తీసివేయకుడు. కంప్యూటరులోను, చేతి ఫోనులోను నుండు సాఫ్టువేరు సాయమున కొన్నిటిని బాగుచేసికొనవచ్చును. ఏవి బాగుపడునో, యేవి పడవో తెలిసికొనుటయే యిందలి మొదటి పాఠము.

2016వ సంవత్సరము కార్తికమాసమున మా కుటుంబము టెక్కలి, పలాస, ఉద్దానము చూచి వచ్చినది. రావివలసలో పైకప్పు లేక యెండలోనే వెలసియున్న ఎండల మల్లికార్జునుని సేవించితిమి. తేలినీలాపురములో చెట్లపై గూళ్లు కట్టుకొన్న గూడకొంగలను, ఎఱ్ఱకాళ్ల కొంగలను చూచితిమి. బారువలో సముద్రస్నానము చేసితిమి. కడపట కవిటి దాపున మా అత్తగారి కొబ్బరితోటలో రెండు దినములుంటిమి. తీసిన చిత్రములు మూడువందలకు పైగా నుండెను. మసకబాఱినవి నూటికి తక్కువ లేవు.

మసక యంతయు నొక్కటే జాతి కాదు. నౌపడా దాపున రైలు కిటికీనుండి తీసిన యుప్పుకుప్పలు తెల్లని గీతలవలె సాగియుండెను. దూరముననున్న కొండలు మాత్రము స్పష్టముగా నుండెను. కదలు బండినుండి చూచునపుడు దగ్గఱి వస్తువులు వేగముగా వెనుకకు పోవుటయే దీనికి కారణము. తేలినీలాపురములో కెమెరా పక్షిని విడిచి ముందున్న కొమ్మపై దృష్టి నిలిపినది. కొమ్మ చక్కగా వచ్చినది, కొంగ మసకయైనది. బారువలో ఉప్పుగాలి తుంపరలు కటకముపై పేరుకొని చిత్రమంతటను పొగమంచు క్రమ్మినట్లయ్యెను. నాలుగవది చేతివణకు. చీకటి చోట కెమెరా వెలుతురుకై యెక్కువ క్షణములు కన్ను తెఱచియుంచును. ఆ లోపల చేయి కదలినచో ప్రతి యంచును జంటగా కనబడును.

వీనిలో మూడవదానికి చికిత్స మిక్కిలి సులభము. వెలుగునీడల భేదమును కొంచెము పెంచి, నల్లని భాగములను మఱికొంచెము నల్లబఱచినచో పొగ విడిపోవును. చేతివణకు స్వల్పమైనచో కొంతవఱకు సరిపడును. దృష్టి తప్పినది, సాగిపోయినది మాత్రము పూర్తిగా బాగుపడవు.

చేయు విధము వినుడు. మొట్టమొదట మూలచిత్రమునకు నకలు తీసి, నకలు పైననే పని చేయవలెను. వాట్సాపులో మామూలుగా పంపిన చిత్రము నలిగి చిన్నదగును గనుక, తీసినవారినుండి అసలు ఫైలునే తెప్పించుకొనుడు. వెల లేకుండ లభించు గింప్ అను సాఫ్టువేరు దీనికి చాలును. ఫోనులో స్నాప్‌సీడ్ ఉన్నను సరియే. చిత్రములో నిసుకవంటి చుక్కలున్నచో ముందు వానిని తగ్గించి, తరువాతనే అంచులకు పదును పెట్టవలెను. ఈ క్రమము తప్పినచో చుక్కలే పదునెక్కును. గింపులో నీ పనికి అన్‌షార్ప్ మాస్క్ అను సాధనము కలదు. పూర్వము చీకటిగదులలో ఛాయాగ్రాహకులు కావలెనని మసకగా తీసిన నకలును అసలు ఫిల్ముతో జతచేసి అంచులను తేల్చెడివారు. ఆ పేరు అందుండి వచ్చినదే. చిత్రమును పూర్తి పరిమాణమున తెఱపై నుంచుకొని, కొద్దికొద్దిగా పెంచుచు పోవుడు. అంచుల చుట్టును తెల్లని గీత కనబడగానే ఆగి, ఒక్క మెట్టు వెనుకకు రండు. కూరలో ఉప్పువంటిది పదును. ఎక్కువైనచో తీయుట కష్టము.

ఇది చిన్న విద్య యని తలపకుడు. 1990లో అంతరిక్షమునకు పంపిన హబుల్ దూరదర్శినిలో అద్దము సానపెట్టుటయందు స్వల్పదోషము జరిగి చిత్రములు మసకగా వచ్చెను. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దానిని సవరించువఱకు శాస్త్రజ్ఞులు ఆ మసకను గణితముచేతనే కొంత విప్పుకొని పని గడుపుకొనిరి. దోషము ఎట్టిదో వారికి తెలియును గనుక అది సాధ్యమైనది.

ఇక నేను మోసపోయిన సంగతి చెప్పెదను. తోటలో సాయంకాలము మా అత్తగారు చెట్టు నానుకొని నిలువగా మా పెద్దమ్మాయి నవ్వుచు ఫోటో తీసినది; చేయి కదలి మసకయైనది. మఱల తీయుదమని యనుకొంటిమి, తీయలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముగల గాలికి ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యెను. మా తోటలో నిలిచిన చెట్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మఱుసటి యేడు అత్తగారును పరమపదించిరి. ఆమెయు తోటయు కలిసియున్నది ఆ మసక చిత్రమొక్కటే.

దానిని పట్టణములో నొక దుకాణమున కిచ్చితిని. కృత్రిమమేధతో బాగుచేసి యిచ్చిరి. ముఖము అద్దమువలె నున్నది. కాని ముడుతలు లేవు, గడ్డముపై పచ్చబొట్టు లేదు, రెండు ముక్కుపుడకలలో నొకటి మాయమైనది. మా చిన్నవాడు చూచి, “ఈవిడ ఎవరమ్మా?” అని యడిగెను. ఆ ప్రశ్నకు నాకు కన్నీరు వచ్చినది. ఆ యంత్రము మసకలో దాగిన ముఖమును వెలికి తీయదు. లక్షల ముఖములను చూచిన యలవాటున ఇట్లుండవచ్చునని యొక ముఖమును ఊహించి వ్రాయును. కొండకో, గోపురమునకో ఆ యూహ వలన పెద్ద నష్టము లేదు. మనవారి ముఖమునకు అది తగదు.

పిదప మా పెద్దమ్మాయి మూలచిత్రమునే తీసికొని పై విధముగా గింపులో కొద్దిపాటి పదును పెట్టినది. రంగులు తీసివేసి నలుపుతెలుపు చేసినది. రంగు మరకలు పోయి రూపము తేలినది. పోస్టుకార్డు పరిమాణమున ముద్రింపగా, చిన్నదగుటచే మిగిలిన మసక అంతగా తెలియలేదు. ముఖము నేటికిని కొంచెము మెత్తగానే యున్నది. కాని పచ్చబొట్టున్నది, పుడకలు రెండును కలవు. చిన్నవాడు చూడగానే “మామ్మ!” అనెను.

కనుక అమ్మలారా, ఈ మాఱు యాత్రకు బోవునపుడు కొంగు చివరతో గాక మెత్తని శుభ్రమైన గుడ్డతో కటకమును తుడువుడు. సముద్రతీరమున మాటిమాటికి తుడువుడు. చీకటిచోట మోచేతులను ప్రక్కల కానించుకొని, ఒక్కటి గాక వరుసగా నాలుగైదు తీయుడు. పెద్దవారిని తీయునపుడు అక్కడనే పెద్దది చేసి చూచి, మసకగా నున్నచో ఆ క్షణమే మఱల తీయుడు. ఇంటికి వచ్చి పేరు, ఊరు, తేది వ్రాసి దాచుడు. ఇన్ని చేసియు మసకయైనది మిగిలినచో, అందులో మీవారు ఉన్నంతవఱకు దానిని పాఱవేయకుడు.