చిన్న వర్తకమునకు ప్రకటన

బజారులో నడచిపోవు మనిషి ఒక దుకాణమువైపు చూచుట ఎంతసేపు? రెండు మూడు క్షణములు మాత్రమే. ఆ లోపల అతని చూపు బోర్డుపై నిలువకున్నచో, లోపల ఎంత మంచి సరకున్నను అది కుండలో పెట్టిన దీపమే.

“మంచి సరకునకు ప్రకటన యేల? కొన్నవారే నలుగురికి చెప్పుదురు” అని పలువురు చిన్న వర్తకులు తలంతురు. ఈ మాటలో సగము సత్యము కలదు. కాని కొన్నవారు చెప్పుటకు ముందు, మొట్టమొదట ఒకరు కొనవలయును గదా! ఆ మొదటి వానిని గడప యెక్కించుటయే ప్రకటన చేయు పని.

ఇందుకు మన తెలుగువారిలోనే చక్కని ఉదాహరణ మున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము నారంభించిరి. కొత్త మందును ప్రజలకు పరిచయము చేయుటకై దానిని సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టిరి. ఇందలి యుక్తిని గమనింపుడు. సభకు వచ్చినవారు చాలసేపు ఒకచోటనే కూర్చుందురు. ఒకరు మందు పూసికొన్నచో ఆ ఘాటు ప్రక్కవారికిని సోకును. ఫలితమును ఎవరికి వారే తెలిసికొందురు. ఇంటికి పోయి పేరు చెప్పుదురు. పంచిన మందు వృథా కాలేదు. అదియే ప్రకటన యైనది. ఆ వ్యాపారమున వచ్చిన ధనమే 1908లో వెలువడిన ఆంధ్రపత్రికకు అండగా నిలిచినది.

అంతగా పంచిపెట్టలేని వారు బోర్డుతో మొదలిడవచ్చును. దుకాణము పేరు, అమ్ము వస్తువు, తన ప్రత్యేకత — ఈ మూడును చాలును. సందు లేకుండ మాటలు కుక్కిన బోర్డును దారిన పోవువాడు చదువడు. పసుపుపై నల్లని అక్షరములు దూరమునుండియు స్పష్టముగా కనబడును. ఎరుపుపై ముదురు నీలము మసకగా తోచును. సైకిళ్లు బాగుచేయువాడు గుమ్మము ముందు ఒక చక్రము వ్రేలాడదీసినచో, అక్షరములు రానివారును గుర్తింతురు. అదే రంగును, అదే అక్షరముల తీరును సంచిపైనను, కరపత్రముపైనను, నేడు ఫోనులో పంపు చిత్రముపైనను వాడినచో గుర్తు మనస్సులో నాటుకొనును.

1967 నవంబరు 1న వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలైన పిదప ఈ సూత్రమే చెవికిని వర్తించినది. కంటికి రంగు చేయు పనిని చెవికి చిన్న పల్లవి చేయును.

అయితే ఒక హెచ్చరిక. ప్రకటన కొనువానిని ఒకసారి మాత్రమే రప్పింపగలదు. రెండవసారి రప్పించునవి సరకు, తూకము, మాట మర్యాద. మోసపోయి వెళ్లినవానికి ఆ మెరయు బోర్డే “ఇటు రావలదు” అను గుర్తగును. ఎంత చక్కగా కనబడిన అంత చేటు. తప్పుదారి పట్టించు ప్రకటన చేసిన ఉత్పత్తిదారునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

కావున వర్తకుడు బోర్డునకు రంగు వేయించుటకు ముందు తన త్రాసును సరిచూచుకొనవలయును. పిమ్మట ఎంత మెరుపైనను శోభించును.